ఎనిమిది చుట్లు

సుధాకరరావుతో అరుంధతికి ఉన్న ఇబ్బంది ఒక్కటే. ఆయన తప్పు చేయడు. పెళ్ళయిన ఈ ఇరవై మూడేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి చేయలేదు. పప్పులో ఉప్పు ఎక్కువైతే అది ఆయన రెండోసారి వేసినందువల్ల కాదు, మొదటిసారి వేసిన మనిషి నోరు విప్పి చెప్పనందువల్ల. గొడుగు ఆఫీసులో మరిచిపోయి వస్తే, బయల్దేరే వేళకు వాన ఆగిపోయినందువల్ల. ఆఫీసు దగ్గర తంజోంగ్ పగార్‌లో రైలెక్కి, కునుకుపట్టి, దిగాల్సిన క్లెమెంటి దాటిపోయి జూరాంగ్‌లో తేలితే, పక్కన కూర్చున్నవాళ్ళకు లోకజ్ఞానం లేనందువల్ల.

ఇలాంటి మచ్చలేని మనిషితో కాపురం తేలికేం కాదు. ఇంట్లో జరిగే తప్పులన్నీ మిగిలినవాళ్ళు పంచుకోవాలి. చాలాకాలం ఆ మిగిలినవాళ్ళు అరుంధతి ఒక్కతే. రెండేళ్ళ కిందట చివరి గదిలో మహతి అద్దెకు దిగాక బరువు కాస్త తగ్గింది.

ఆ బుధవారం సాయంత్రం అరుంధతి హాల్లో నేలమీద కూర్చుని వత్తులు చేస్తోంది. తెనాలిలో అత్తగారు లక్షవత్తుల నోము పట్టారు. పట్టినావిడ లక్షా తనే చేసుకోవచ్చు గానీ, ఆవిడ దాన్ని పెద్ద కంపెనీలో ప్రాజెక్టులా నడుపుతున్నారు. కొడుకులకూ కోడళ్ళకూ వాట్సాప్‌లో వంతులు పంచారు. సింగపూర్‌లో ఉన్న వీళ్ళ వంతు ఐదు వేలు. ఇక్కడి పత్తి మీద నమ్మకం లేక గింజ తీసిన పత్తి కూడా ఆవిడే ప్యాకెట్లుగా పంపారు. అరుంధతి వేళ్ళకు విభూతి అద్దుకుని, చిటికెడు పత్తి లాగి, అరచేతిలో ఒక్క తిప్పు తిప్పి పళ్ళెంలో పెడుతోంది. వంద కాగానే దారంతో ఒక కట్ట. ప్యాకెట్టుకు వెయ్యి వత్తులు రావాలి. మూడు ప్యాకెట్లకు సరిగ్గా వచ్చాయి. నాలుగోది తొమ్మిది వందల పది దగ్గరే అయిపోయింది.

ఖాళీ ప్యాకెట్టును తలకిందులు చేసి చూస్తుండగా గ్రిల్ గేటు అవతల ఎదురు ఫ్లాట్ లిమ్ ఆంటీ వచ్చి నిలబడింది. డెబ్భై దాటిన మనిషి. పదకొండో అంతస్తులో ఎవరింట్లో ఏం వండుతున్నారో ఆవిడ ముక్కుకు తెలియకుండా ఉండదు.

"మాంగో," అందావిడ. "ఎవ్రీ మార్నింగ్ మాంగో స్మెల్. యువర్ హౌస్ గాట్ సమ్‌వన్ వేప్, ఈజ్ ఇట్?"

వేప్ అంటే ఏమిటో ఈ ఊళ్ళో బడిపిల్లలకు కూడా తెలుసు. నికోటిన్ కలిపిన తియ్యటి ద్రవాన్ని బ్యాటరీతో కాచి ఆవిరి పీల్చే పరికరం. పీల్చడం మాట అటుంచి, దగ్గర ఉంచుకున్నా నేరమే. లిఫ్టు పక్కన దాని బొమ్మ మీద ఎర్ర గీత గీసిన పోస్టరు ఎప్పుడూ ఉంటుంది.

సుధాకరరావు అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి సాక్సులు విప్పుకుంటున్నాడు. లిమ్ ఆంటీ చూపు అరుంధతిని దాటి ఆయన మీదికి వెళ్ళి అక్కడే ఆగింది. ఆయన చేతిలో సాక్సు కూడా సగంలో ఆగింది.

"టెనెంట్," అన్నాడాయన. "యంగ్ గర్ల్. డోంట్ వర్రీ ఆంటీ, ఐ విల్ హ్యాండిల్."

లిమ్ ఆంటీ ఆ సాక్సు వైపు ఇంకోసారి చూసింది. "ఓకే లా," అని ఈ ఊరి యాసలో సాగదీసి వెళ్ళిపోయింది.

ఏడున్నరకు మహతి వచ్చింది. కరీంనగర్ పిల్ల. యూనివర్సిటీలో లోహాల మీద పరిశోధన చేస్తోంది. పొద్దున్న ఆరున్నరకు వెళ్తే రాత్రి భోజనం వేళకే రావడం. చెప్పులు విప్పుతుండగానే సుధాకరరావు మొదలుపెట్టాడు.

"చూడమ్మా, సూటిగా అడుగుతున్నా. గదిలో వేప్ చేస్తున్నావా?"

మహతి భుజం మీది బ్యాగు దించలేదు. "నేనా? ఏందంకుల్ గట్లంటరు? నాకు అగరొత్తి పొగే పడదు."

"ఎదురింటావిడ కంప్లయింట్ చేసింది. మామిడిపండు వాసనంట."

"నా షాంపూ కావచ్చు... కాదు, అది కొబ్బరిది."

"ఇంట్లో ఉన్నది ముగ్గురం. నేను చేస్తున్నానా? మీ ఆంటీ చేస్తోందా?"

అరుంధతి తలెత్తి మొగుడి మొహం చూసింది. ఆయన మహతి వైపు చూడడం లేదు. చెప్పుల స్టాండుతో మాట్లాడుతున్నాడు.

"ఈ నెలాఖరుకి వేరే రూము చూసుకో. మర్యాదగా చెప్తున్నా. లేదంటే మీ యూనివర్సిటీకి మెయిల్ పెట్టాల్సొస్తుంది. ఆ తర్వాత నన్ననుకుని లాభంలేదు."

"వచ్చేనెల పన్నెండుకు నా వైవా అంకుల్." మహతి బ్యాగు నేలమీద దించింది. "ఇప్పుడు మెయిల్ పోతే ఎంక్వయిరీ అంటరు. నా స్టూడెంట్ పాస్ పోతది. ఐదేండ్ల పని." అరుంధతి వైపు తిరిగింది. "ఆంటీ, నేను చెయ్యలేదని మీకు తెల్సు గదా?"

"తెలుసు," అంది అరుంధతి. ఎలా తెలుసో అప్పటికి ఆమెకే స్పష్టంగా తెలియదు.

మహతి అన్నం తినకుండా గదిలోకి వెళ్ళింది. సుధాకరరావు రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. అరుంధతి ఐదో ప్యాకెట్టు తెరిచింది. పై పొర ఒక మూల చదరంగా పోయి ఉంది. కత్తెర పెట్టి కత్తిరించిన గాటు. పత్తిని ఎవరైనా వేళ్ళతో లాగుతారు. కత్తిరించేవాళ్ళు వత్తులు చేసేవాళ్ళు మాత్రం కారు.

గురువారం ఆయన ఆఫీసుకూ మహతి ల్యాబుకూ వెళ్ళాక అరుంధతి షెల్టర్ గది తెరిచింది. యుద్ధం వస్తే దాక్కోవడానికి ఫ్లాటుకొకటి చొప్పున కట్టిన ఇనుప తలుపు గది అది. యుద్ధం రాలేదు గనుక ఊరగాయ జాడీలూ, సూట్‌కేసులూ, పాత సామానూ దాక్కుంటున్నాయి. పైఅరలో సుధాకరరావు బ్యాడ్మింటన్ బూట్ల పెట్టె ఉంది. ఆయన ఆట మానేసి ఆరేళ్ళు. అరలో అన్నిటిమీదా దుమ్ముంది, ఆ పెట్టె మీద తప్ప.

లోపల అన్నీ పొందిగ్గా సర్దిపెట్టి ఉన్నాయి. గుప్పెట్లో పట్టేంత నల్లటి పరికరం, దానికి చిన్న తెర, పైన గాజు కొప్పు. మామిడిపండు బొమ్మ ఉన్న సీసా. చిన్న స్క్రూడ్రైవరు. చదరంగా కత్తిరించిన అత్తగారి పత్తి. మూడు బుల్లి తీగ రీళ్ళు. ఒక్కోదాని మీద ఆయన గుండ్రటి దస్తూరీతో చీటీలు: స్టీలు, టైటానియం, నికెల్. వాటి కింద మడిచిన కాగితం. "స్టీలు. ఎనిమిది చుట్లు. 230 డిగ్రీలు. ఉష్ణోగ్రత అదుపులోనే వాడవలెను. నేరుగా వాడిన మాడును. మాడినదే హాని." కింద తేదీ, సంతకంతో సహా.

అరుంధతికి నవ్వొచ్చింది. ఇదన్నమాట సంగతి. మాడనివ్వడం లేదు గనుక ఆయన లెక్కలో ఆయన వేప్ చేయడం లేదు. చేయని మనిషి చేశానని ఎలా చెబుతాడు?

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. మహతి గది తలుపు తెరిచే ఉంది. మంచం మీద మూడు చీరలు మడిచి, పక్కన పుస్తకాలు పేర్చి ఉన్నాయి.

పెట్టె తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టవచ్చు. పెడితే ఏమవుతుందో ఆమె ఒకసారి ఊహించి చూసుకుంది. "చూశావా, నేను చెప్పలేదూ, ఎక్కడ దాచిందో," అంటాడు. అన్నాక మెయిల్ నిజంగానే వెళ్తుంది. సుధాకరరావును నిలదీసి లాభంలేదు. ఆయనకు ఒక చిక్కుముడి ఇవ్వాలి. చెయ్యిపెట్టిన వస్తువు పని చేయకపోతే ఆయన రెండు రోజులకు మించి లోపల దాచుకోలేడు. రైస్ కుక్కర్ చెడిపోయినప్పుడు చెన్నైలో ఉన్న తోడల్లుడికి కూడా ఫోను చేసిన మనిషి.

అరుంధతి తెనాలి కాలేజీలో బీయస్సీ ఫిజిక్సు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ పెద్దగా గుర్తుండదు, ఫ్యూజు పోయినప్పుడు కూడా. కాగితం రెండోసారి చదవగానే ఫైనలియర్ ల్యాబు, నూనె పాత్రలో ముంచిన తీగ, థర్మామీటరు పట్టుకుని నిలబడ్డ తను కళ్ళ ముందుకొచ్చాయి. తీగ వేడెక్కినకొద్దీ కరెంటుకు అడ్డు పెరుగుతుంది. ఎంత పెరిగిందో కొలిస్తే ఎంత వేడెక్కిందో చెప్పొచ్చు. ఈ పరికరం చేసేదీ అంతే. కాకపోతే ఒక్కో లోహానిది ఒక్కో స్వభావం. స్టీలు నెమ్మదస్తురాలు, ఎంత కాల్చినా కాస్తే పెరుగుతుంది. టైటానియం అంతకు మూడు నాలుగింతలు తొందరపడుతుంది. నికెల్ సంగతి చెప్పక్కర్లేదు. అందుకని లోపల ఉన్నది ఏ తీగో ముందుగా మనం మీట నొక్కి చెప్పాలి. అది మన మాట నమ్ముతుంది. నమ్మడం తప్ప దానికి వేరే దారి లేదు.

శుక్రవారం పదిన్నరకు, పప్పు పొయ్యి మీద పెట్టి, ఆమె డైనింగ్ టేబుల్ మీద పాత పేపరు పరిచింది. గాజు కొప్పు తీసింది. రెండు చిన్న మరలు వదులు చేసి పాత కాయిల్ బయటికి లాగింది. స్టీలు, ఎనిమిది చుట్లు, మధ్యలో గోధుమరంగుకు తిరిగిన పత్తి. తీసేముందు తెర మీద అడ్డు చూపే అంకె చూసి పెట్టుకుంది. సున్నా పాయింట్ యాభై.

నికెల్ రీలు మీద చెయ్యి పడింది గానీ వదిలేసింది. నికెల్లో అడ్డు మరీ తక్కువ, తెర మీద అంకె ఒక్కసారిగా పడిపోతుంది. ఆయన మనుషుల మొహాలు చూడకపోయినా అంకెలు చూస్తాడు. టైటానియం రీలు తీసింది. స్టీలుకన్నా ఒక పిసరు సన్నం. అడ్డు స్టీలుకన్నా తక్కువే గానీ, సన్నం గనుక అంకె దగ్గర్లోనే రావాలి. అల్లిక సూది మీద తీగ ఆనించి, బొటనవేలితో నొక్కిపట్టి, చుట్టు పక్కన చుట్టు ఒరుసుకునేలా తిప్పింది. ఒకటి, రెండు... ఎనిమిది. మొదటిసారి మూడో చుట్టు ఎడమైతే విప్పి మళ్ళీ చుట్టింది. రెండు కొసలూ మరల కింద బిగించి, మిగిలింది గోళ్ళ కత్తెరతో తుంచింది. ఇక మిగిలింది మధ్యలో పెట్టే, ద్రవాన్ని పీల్చుకునే పత్తి. చిటికెడు లాగి, విభూతి లేకుండా, అరచేతిలో ఒక్క తిప్పు. వత్తి కాయిల్లోకి సాఫీగా దూరింది. ఐదు వేలలో ఇది లెక్కకు రాదు.

బిగించగానే తెర, కొత్త తీగా అని అడిగింది. అవునంది. సున్నా పాయింట్ నలభై తొమ్మిది. ఏ లోహం అని అడిగిన చోట స్టీలు అనే ఉంది. దాన్ని అలాగే ఉంచింది. దూరంగా పట్టుకుని ఒక్కసారి మీట నొక్కింది. ఆవిరి లేదు, వాసన లేదు. కాయిల్ గోరువెచ్చన దాటిందో లేదో, తెర మాత్రం రెండు వందల ముప్పై డిగ్రీలు అందుకున్నానని చెప్పి కరెంటు ఆపేసింది.

అన్నీ యథాస్థానంలో పెట్టి చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుంది. చట్టం ప్రకారం ఈ ముప్పావుగంటా తనూ నేరస్థురాలే. ఆ ఆలోచన ఎంత భయపెట్టాలో అంత పెట్టలేదు. పప్పు మాత్రం అడుగంటింది.

శనివారం ఏడింటికి సుధాకరరావు బాత్రూములోకి వెళ్ళాడు. రోజూ పావుగంట. ఆ రోజు నలభై నిమిషాలు. బయటికి వచ్చినప్పుడు వెంట మామిడిపండు రాలేదు. కాఫీ తాగి మళ్ళీ వెళ్ళాడు. పదింటికి ఛార్జరు కనిపించడం లేదన్నాడు. కనిపించింది. మధ్యాహ్నానికి వైఫై నెమ్మదిగా ఉందన్నాడు, సాంబారు పలచగా ఉందన్నాడు, ఈ దేశంలో వస్తువులకు నాణ్యత పోయిందన్నాడు.

"ఏ వస్తువండీ?" అంది అరుంధతి.

"జనరల్‌గా చెప్తున్నా."

షాపుకు తీసుకెళ్ళి చూపించే వస్తువు కాదది. ఆయన అవస్థ చూస్తే ఆమెకు కొంచెం జాలేసింది. అప్పుడే మహతి కింద కిరాణా కొట్టునుంచి మూడు ఖాళీ అట్టపెట్టెలు ఎత్తుకుని వచ్చింది. జాలి పోయింది.

"హౌగాంగ్‌ల ఒక రూమ్ చూసొచ్చిన ఆంటీ. మంచిగనే ఉంది. కాకపోతే ల్యాబుకు గంటన్నర." పెట్టెలు నేలమీద పెట్టి నిలబడింది. "మొన్నటి సంది అంకుల్ నాతోని మాట్లాడ్తలేరు. నేనేదో చేసినట్టే అనిపిస్తుంది నాకే."

"పెట్టెలకు టేపు వెయ్యకు ఇప్పుడే," అంది అరుంధతి. "రేపు మధ్యాహ్నం భోజనానికి ఉండు. గుత్తివంకాయ చేస్తున్నా."

"అంకుల్ ఉంటరు గదా."

"ఆయన ఉంటారనే చేస్తున్నా."

ఆదివారం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. మహతి కంచంలోంచి తలెత్తడం లేదు. సుధాకరరావు వంకాయను నాలుగుగా కోసి, దేన్నీ తినకుండా కలుపుతున్నాడు. చారు వడ్డిస్తుండగా గొంతు సవరించుకున్నాడు.

"మహతీ, నీది లోహాల సబ్జెక్టే కదా. మా ఆఫీసులో ఒకడికి ఒక డౌటు."

మహతి ఆశ్చర్యపోయింది. బుధవారం తర్వాత ఆయన పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "చెప్పుండ్రి అంకుల్."

"ఒక హీటరు ఉందనుకో. చిన్నది. తీగ వేడిని అదే కొలుచుకుని అదే ఆపుకుంటుంది. ఇప్పుడేమో చల్లగా ఉండగానే వేడెక్కిపోయానని ఆగిపోతోంది. బ్యాటరీ బాగుంది. సెట్టింగులు బాగున్నాయి. ఎందుకంటావ్?"

చదువుకున్న ప్రశ్న ఎదురైతే మహతి మొహంలో దిగులు ఉండదు. "రెసిస్టెన్స్ చూసి టెంపరేచర్ లెక్కగడుతదా?"

"ఆఁ, అదే."

"తీగ ఏంది?"

"స్టీలు."

"అయితే అది స్టీల్ కాదు."

"స్టీలే."

"కాదంకుల్. వేరే తీగ ఉండి, మనం స్టీల్ అని చెప్తే గిట్లనే ఐతది. స్టీల్‌కు అంత పెరగాల్నంటే మస్తు కాలాలె. అందుకని, అబ్బో ఎంత కాలిందో అనుకుని ఆపేస్తది. మీ ఫ్రెండు తప్పు తీగ ఏసిండు, అంతే."

"తప్పు తీగా? ఛాన్సే లేదు!" సుధాకరరావు చెయ్యి టేబుల్ మీద పడింది. చారు గిన్నె గంతేసింది. "స్టీలు రీలు మీద చీటీ అంటించింది నేను. అందులోంచి కత్తిరించింది నేను. ఎనిమిది చుట్లు లెక్కపెట్టి చుట్టింది నేను. తప్పెలా అవుతుంది?"

ఫ్యాను తిరుగుతోంది. మహతి చేతిలో ముద్ద కంచంలోకి తిరిగి వెళ్ళింది.

"మీ ఆఫీసుల ఒకడన్నరు గదంకుల్," అంది మెల్లిగా.

అరుంధతి లేచి, చెయ్యి కడుక్కుని, షెల్టర్ గదిలోంచి బూట్ల పెట్టె తెచ్చి మజ్జిగ గిన్నె పక్కన పెట్టింది. మూత తీసింది. మహతి కుర్చీ వెనక్కి జరుపుకుని రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుంది.

"నేను ముట్టుకోను ఆంటీ. దాని మీద నా వేలిముద్ర పడొద్దు."

"నువ్వెందుకు ముట్టుకోవడం," అంటూ అరుంధతి గాజు కొప్పు తిప్పి తీసింది. అలవాటైన చేయిలాగే తిరిగింది. మహతి చేతులు వెనక్కే పెట్టుకుని మెడ సాచి చూసింది.

"టైటానియం. స్టీల్ ఇంత మసకగ ఉండది. సన్నగ గూడ ఉంది." ఇంకొంచెం వంగింది. కాయిల్ మధ్యలో తెల్లగా, నున్నగా, కొసలు దగ్గరైన పత్తిని చూసింది. పళ్ళెంలో కట్టలు కట్టిన వత్తుల వైపు చూసింది. తర్వాత అరుంధతి వైపు. పెదవి కొరుక్కుంది. "చుట్టుడు మాత్రం మస్తు చుట్టిన్రు అంకుల్."

"ఎవరు మార్చారిది?" అన్నాడు సుధాకరరావు.

"మీ రీలు, మీ చీటీ, మీ చుట్లు. నాకేం తెలుసండీ, వత్తులు చేసుకునేదాన్ని," అంది అరుంధతి. "తప్పయ్యే ఛాన్సే లేదన్నారుగా."

"పరికరమే నాసిరకం. స్టీలుకూ టైటానియానికీ తేడా తెలియదా దానికి?"

"దానిది తప్పు లేదంకుల్," అంది మహతి. "మీరు స్టీల్ అని చెప్పిన్రు. అది నమ్మింది. అంతే."

"లిమ్ ఆంటీ కూడా అంతేగా," అంది అరుంధతి, ఆయన కంచంలో పెరుగు వేస్తూ. "మీరు చెప్పింది నమ్మింది."

సుధాకరరావు పెరుగన్నం కలిపాడు. చాలాసేపు కలిపాడు. మహతి కుర్చీ ముందుకు జరుపుకోలేదు, లేచి వెళ్ళిపోనూ లేదు. ఆయన ఒకసారి నోరు తెరిచాడు. అందులోంచి ఏం రావచ్చో ఇరవై మూడేళ్ళ అనుభవంతో అరుంధతి లెక్కవేసుకుంది. పత్తిది తప్పు, ఆఫీసు ఒత్తిడిది తప్పు, దాన్ని అంటగట్టిన స్నేహితుడిది తప్పు. ఆయన నోరు మూసుకున్నాడు. లేచి చెయ్యి కడుక్కున్నాడు. బూట్ల పెట్టెకు మూత పెట్టి, "సాయంత్రం కమ్యూనిటీ క్లబ్బు దగ్గర వేప్‌లు వదిలేసే డబ్బాలో వేసొస్తాను. ఎవరూ ఏమీ అడగరంట," అన్నాడు పెట్టెతో. తర్వాత తువ్వాలు భుజాన వేసుకునే గ్రిల్ గేటు తీసి, అడ్డంగా ఐదడుగులు నడిచి, ఎదురింటి తలుపు తట్టాడు.

అరుంధతీ మహతీ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"ఆంటీ," అన్నాడు సుధాకరరావు. "మాంగో... నాట్ ద గర్ల్. మీ."

లిమ్ ఆంటీ గేటు కూడా తీయలేదు. చేతిలో విసనకర్ర ఊపుతూనే ఉంది.

"ఐ నో లా," అంది. "గర్ల్ గో అవుట్ సిక్స్ థర్టీ. మాంగో కమ్ సెవెన్. ఐ వెయిట్ యూ సే. ఫోర్ డేస్ ఐ వెయిట్."

తలుపు మూసుకుంది. సుధాకరరావు మూసిన తలుపు ముందు కాసేపు అలాగే నిలబడ్డాడు. తువ్వాలు భుజం మీంచి జారితే తీసి మళ్ళీ వేసుకున్నాడు. ఇటు తిరిగాడు. ఈసారి చెప్పుల స్టాండు ఆయన పక్కనే ఉన్నా దానివైపు చూడలేదు.

"మహతీ, ఆ పెట్టెలు విప్పెయ్యమ్మా," అన్నాడు. ఆగాడు. "నేను తప్పు చేశాను."